సకి ఇల్లు

పొయ్యిలోని బూడిద తట్టకెత్తుతున్నప్పుడే బుధ్రికి ఎడమ మణికట్టు లాగింది. చలికాలంలో ఎప్పుడూ అంతే. పాత కాలిన మచ్చ మీద చర్మం బిగుసుకుపోయి పిడికిలి పూర్తిగా మూసుకోదు. ఆ చేతిని కాసేపు వెచ్చటి బూడిదలో దూర్చి కూర్చుంది. బయట మసక వీడలేదు. శబరి ఏటి మీద లేచిన మంచు చర్చి కాంపౌండులోకి పాకివచ్చి వంటపాక చూరు కింద పొగతో కలిసిపోయింది.

ఆదివారం. బోర్డింగు పిల్లలకు పొద్దున జావ, మధ్యాహ్నం అన్నం, పప్పు. అవి కాక సంతపాకలోని దిక్కులేనివాళ్ళకు తీసుకెళ్ళే జావ వేరే గుండిగలో కాయాలి. చోడిపిండి నీళ్ళలో కలిపి ఉండలు చిదుపుతూ ఆమె వంగి నిలబడితే, పచ్చబొట్లు పొడిచిన మోచేతులు పిండిలో మునిగి తేలుతున్నాయి. నలభై దాటిన మనిషి. నుదుటి మీద మూడు చుక్కలు, చెంపల మీద గీతలు. చెవితమ్మెల్లో ఒకప్పుడు బరువైన కమ్మలు వేలాడినట్టు పెద్ద రంధ్రాలున్నాయి. ఇప్పుడు వాటిలో ఏమీ లేదు. మిషన్ ఇచ్చిన తెల్లచీర కడుతుంది కానీ మోకాళ్ళు దిగనివ్వదు. పాదాల దాకా కట్టుకోమని పాదిరి అయ్యగారి భార్య చాలాసార్లు చెప్పింది. నీళ్ళబిందెతో మెట్లెక్కేటప్పుడు కాళ్ళకు చుట్టుకుంటుందని బుధ్రి ప్రతిసారీ అదే జవాబు చెప్పింది.

చర్చిలో ఆమె పేరు రూతమ్మ. బజారులో చర్చి బుధ్రి. పిల్లలకు వంట చేయడం, గంట కొట్టడం, బెంచీలు తుడవడం, దీపం బుడ్లకు మసి తీయడం ఆమె పని. ఆమె ఏ రోజైనా పనికి రాలేదని ఎవరికీ అనుకోవలసిన అవసరం రాలేదు. అందుకే ఆమె ఉన్నదన్న సంగతి కూడా ఎవరూ పెద్దగా అనుకునేవారు కాదు.

కిష్టారం దగ్గర ఒక పల్లెలో పుట్టింది. ఆ పల్లె ఇప్పుడు లేదు. అడవికి రిజర్వు అని పేరుపెట్టి సున్నం కొట్టిన రాళ్ళు పాతినప్పుడు, పల్లె రాళ్ళకు లోపలివైపు పడింది. ఇళ్ళు విప్పుకొని పొమ్మన్నారు. తర్వాత వాళ్ళు ఇంకో పల్లె అంచున గుడిసె వేసుకున్నారు. అక్కడి నుంచే మగడు కోసను దొరల క్యాంపు సామాను మోయడానికి బేగారికి పట్టుకుపోయారు. జీతం లేని మోత అయినా కొన్నాళ్ళకు మనిషి తిరిగొస్తాడు. కోస రాలేదు. బుధ్రి చంకలో ఆడపిల్లను పెట్టుకొని అడుగుతూ అడుగుతూ కుంట అనే ఈ ఊరికి వచ్చింది. తహసీలు కచ్చేరి ముందు నిలబడింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, ఏమిటని అడగనూ లేదు. జవాన్లు ఆమె పక్క నుంచి నడిచిపోయేవారు. కొన్నాళ్ళకు నిలబడడం మానేసింది. తలదాచుకోవడానికి సంతపాక ఉంది.

అక్కడ లక్కే ఉంది. పొడుగాటి ఎముకల మనిషి. మగడు పోయాక అతని అన్నదమ్ములు పొలం పంచుకున్నారు, ఆమెను పంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. శ్రీరంగం షావుకారి కొట్టు ముందు ఊడ్చి, ధాన్యం చెరిగి, నూకలు తెచ్చుకునేది. బుధ్రి వచ్చిన మొదటి రోజే తన ఆకులోని నూకలన్నం సగం ఆమె వైపు జరిపింది. ఊరేదని గానీ పేరేదని గానీ అడగలేదు. ఆ చలికాలంలోనే బుధ్రి పిల్ల పోయింది. పసిదాన్ని చుట్టడానికి లక్కే తన పైగుడ్డ ఇచ్చి, ఇసుక గట్టు మీద తానే గొయ్యి తీసింది. ఆ తర్వాత ఆ చలి గడిచేదాకా ఇద్దరూ ఒకే గుడ్డ కప్పుకొని పడుకున్నారు.

ఇప్పుడున్న అయ్యగారి కంటే ముందున్న అయ్యగారి భార్య బుధ్రిని వంటకు తీసుకుంది. తల మీద నీళ్ళు పోశారు, పేరు పెట్టారు. లక్కేను కూడా పిలిచారు. పేరు మారుస్తారట గదా అని ఆమె అడిగింది. నా పేరు నాకు బాగానే ఉందని నవ్వి, పాకలోనే ఉండిపోయింది. అప్పటి నుంచి బుధ్రి రోజూ అడుగంటిన మాడు గీకి అడ్డాకులో చుట్టి, నీళ్ళకు పోయినప్పుడు లక్కేకు ఇచ్చి వస్తుంది. వంటపాక మూలలో తన చాప పక్కన ఇంకొక మనిషి పడుకునేంత చోటు ఉంది. అది మిషన్ చోటు. లక్కే కోసం దాన్ని ఆమె ఎవరినీ అడగలేదు, అడిగితే తన చోటు కూడా పోతుందేమోనని.

*

గంట కొట్టి వచ్చి బుధ్రి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. అయ్యగారు ప్రసంగం ముగించాక ఒక సంగతి చెప్పాడు. మర్నాడు పొద్దున జగ్దల్‌పూర్ నుంచి అడ్మినిస్ట్రేటరు దొర కుంటకు వస్తున్నాడు. బడినీ చర్చినీ కూడా చూస్తాడు. బడికి ఆనుకున్న స్థలం మిషన్‌కు ఇవ్వడం ఆయన నోటిమాట మీద ఉంది. కాబట్టి అందరూ శుభ్రమైన బట్టలతో రావాలి, పిల్లలు పాట నేర్చుకోవాలి. ముగింపు ప్రార్థనలో దొర ప్రయాణం క్షేమంగా సాగాలని కూడా వేడుకున్నాడు.

అయ్యగారి భార్య కమలాకుమారి ముందు వరుసలో ఉంది. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన మనిషి, బడిలో పాఠాలు కూడా చెబుతుంది. సంతపాకకు వెళ్ళే పని మొదలుపెట్టింది ఆమే. వానాకాలంలో ఒకసారి బజారుకు పోతూ, కారుతున్న పాక కింద గుడ్డి జోగ, లక్కే, ఇంకా కొందరు ముడుచుకొని ఉండడం చూసి ఆగిపోయింది. గుమ్మంలో గిన్నె పెట్టి పొమ్మనడం కాదు, మనమే వెళ్ళి వాళ్ళతో కూర్చుందాం, పేర్లు తెలుసుకుందాం అని స్త్రీల కూటంలో చెప్పి ఒప్పించింది. కంపౌండరు భార్యా, మరో ఇద్దరూ కలిశారు. పాకలోవాళ్ళ భాష తెలిసిన బుధ్రి గుండిగ మోసుకుంటూ వెంట నడిచింది.

మొదటి రోజు కమలాకుమారి చాప కూడా వేయించుకోలేదు. తడినేల మీద లక్కే ఎదుట కూర్చొని, పగుళ్ళు పట్టిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తాము దానం చేయడానికి రాలేదని, స్నేహం చేయడానికి వచ్చామని లక్కేకు చెప్పమని బుధ్రితో అంది.

బుధ్రి స్నేహానికి సరిపోయే మాట వెతుక్కుంది. తనదీ లక్కేదీ అయిన మాటలో, దారిలో కలిసి నడిచేవాళ్ళకు ఒక పేరుంది, సంతలో పలకరించుకునేవాళ్ళకు ఒకటుంది. సకి అనే మాట వేరు. పదిమంది ఎదుట ఇద్దరు ఒకే ఆకులో తింటే సకులవుతారు. అప్పటి నుంచి ఒకరి ఇల్లు ఇంకొకరిది. గడప దగ్గర పిలుపు కోసం ఆగనక్కర్లేదు. ఇంట్లో పీనుగ ఉన్న రోజు తప్ప సకికి తలుపు మూయరు. బుధ్రి కమలాకుమారి చేతుల వైపు చూసింది. లక్కే గోళ్ళలోని మట్టి ఆ తెల్లటి వేళ్ళకు అంటుకుంటోంది. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. బుధ్రి సకి అన్న మాటే వాడింది.

లక్కే తన ఆకు ముందుకు జరిపింది. సంగతేమిటని కమలాకుమారి అడిగితే, తినమంటున్నదని బుధ్రి చెప్పింది. కమలాకుమారి నవ్వి, ఒక ముద్ద తీసుకొని నోట్లో పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్ళకు కళ్ళు చెమర్చాయి. ఆ ముద్ద గురించి చర్చిలో చాలాకాలం చెప్పుకున్నారు. సంతపాకలోనూ చెప్పుకున్నారు.

*

మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళేసరికి సంతపాక ముందు జవాను నిలబడి ఉన్నాడు. పాక లోపలి గుడ్డలూ కుండలూ బయటికి విసిరేసి ఉన్నాయి. బడ్డీకొట్ల వాళ్ళు తమ గడపల ముందు నీళ్ళు చల్లుతూ ఇటు చూడకుండా చూస్తున్నారు.

"శాం తక్, పొద్దుగూకేలోపల ఖాళీ చేయాలె," అని జవాను కమలాకుమారితో కొంచెం మర్యాదగానే అన్నాడు. "రేపు సాబ్ గుర్రాలు ఇక్కడనే కడతరు."

"ఈ చలిలో వీళ్ళు ఎక్కడికి పోతారయ్యా?"

"అది నాకెరక లేదమ్మా. ఊర్ల కనబడొద్దన్నరు."

కమలాకుమారి ముఖం ఎర్రబడింది. ఆమె కోపం నిజమైనదే. తహసీల్దారు గారితో మాట్లాడతానని అంది. మనుషుల కంటే గుర్రాలు ఎక్కువా అని అంది. జవాను తలపాగా సర్దుకుని పక్కకు జరిగాడు.

లక్కే స్తంభానికి ఆనుకొని కూర్చుని ఉంది. వారం నుంచి దగ్గుతోంది. బుధ్రి దొప్ప అందిస్తూ ఆమె చేతిని తాకింది. పొయ్యిరాయిలా కాలుతోంది. జావ రెండు గుక్కలు తాగి దొప్ప పక్కన పెట్టింది. గుడ్డి జోగ మాత్రం రెండోసారి పోయించుకున్నాడు. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియనప్పుడు తినగలిగినంత తినాలని అతని లెక్క.

కమలాకుమారి లక్కే ముందు కూర్చొని ఎప్పటిలాగే చేయి పట్టుకుంది.

"భయపడొద్దని చెప్పు రూతమ్మా. మేమున్నాం కదా. స్నేహితులమై ఉండి వీళ్ళను వీధిలో వదిలేస్తామా?"

బుధ్రి ఆ మాటలన్నీ చెప్పింది. ఒక్కటి కూడా తగ్గించలేదు. చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇన్నేళ్ళలో లక్కేకు ఇంత మంచి మాట మోసుకొచ్చింది లేదు.

"గట్టిగనే అన్నదా పిల్లా?" అని లక్కే అడిగింది.

"గట్టిగనే అన్నది అక్కా."

లక్కే తల ఊపింది. జవాను వైపు చూసి, ఇక నీ మాట నాకెందుకు అన్నట్టు కళ్ళు మూసుకుంది.

*

సాయంత్రం అయ్యగారి వరండాలో సంఘం పెద్దలు కూర్చున్నారు. బుధ్రి టీ గ్లాసులు అందించి, స్తంభం వెనక నిలబడింది. కమలాకుమారి సంగతంతా చెప్పి, ఈ రెండు రోజులు వాళ్ళను బడి వరండాలో పడుకోనిద్దామని అడిగింది.

మొదట ఎవరూ కాదనలేదు. పాపం అన్నారు. జోగ కాలి పుండు ఎలా ఉందని కంపౌండరు అడిగాడు. ఆ తర్వాత ఆయనే, దొర చూడడానికి వచ్చేది బడినే కదా అని గుర్తు చేశాడు. మరొకాయన, ఒకసారి లోపలికి వచ్చినవాళ్ళు మళ్ళీ బయటికి పోరని అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన చేయి చాచి బుధ్రి దగ్గర టీ గ్లాసు అందుకున్నాడు.

"నేను మాటిచ్చాను," అంది కమలాకుమారి.

అయ్యగారు చెడ్డవాడు కాదు. బడి స్థలం కోసం ఆయన కాళ్ళరిగేలా తిరిగాడు. ఊరవతలికి తోలేసిన మనుషులు చర్చిలో దాక్కున్నారని తహసీల్దారుకు తెలిస్తే, ఆ స్థలం సంగతి అక్కడితో ముగుస్తుందని ఆయనకు తెలుసు.

"మాట ఇచ్చింది స్నేహం గురించి," అన్నాడు చివరికి. "కాపురం గురించి కాదు గదా. దొర వెళ్ళాక మళ్ళీ వెళ్ళి చూద్దాం. జావ పంపిద్దాం. కంబళి ఒకటి ఉంది, ఆ ముసలామెకు ఇద్దువుగాని."

కమలాకుమారి ఇంకేదో అనబోయింది. పెద్దలందరూ ఆమె వైపు ఓపికగా చూశారు. ఆ ఓపిక ముందు ఆమె మాట ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్ళింది.

బుధ్రి ఖాళీ గ్లాసులు ఏరుకుంది.

పొద్దు వాలుతుండగా లక్కే వచ్చింది. మిగతావాళ్ళు మూటలతో ఏటి ఒడ్డుకు పోయారు. ఆమె ఒక్కతే వచ్చింది. ఏట్లో ముఖం కడుక్కొని, తడిచేత్తో జుట్టు వెనక్కి దువ్వి కొప్పు పెట్టుకుంది. గేటు దగ్గర కావలివాడు ఎవరని అడిగితే ఆగకుండా, తన ఇంటికి తాను పోతున్న మనిషిలా నడిచింది. వంటపాక ముందు నుంచి పోతూ ఇటు తల తిప్పలేదు. ఆమె వస్తున్నది బుధ్రి ఇంటికి కాదు. బుధ్రికి ఇల్లు లేదని ఆమెకు తెలుసు.

అయ్యగారి వరండా మెట్టెక్కి, కాళ్ళు ముడుచుకొని కూర్చుని, ఒడిలోంచి చింతపండు ముద్ద తీసి పక్కన పెట్టింది. సకి ఇంటికి వట్టి చేతులతో పోకూడదు.

బుధ్రి చేతిలోని గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే కమలాకుమారి గుమ్మంలోకి వచ్చింది. లక్కే చింతపండు రెండు చేతులా అందించింది. కమలాకుమారికి ఏం చేయాలో తోచక అందుకుంది. దాన్ని చేతిలో పట్టుకొనే లోపలికి వెళ్ళి, చేతులు ఖాళీ చేసుకొని ఒక ఎర్ర కంబళితో తిరిగొచ్చింది. కొత్తది. మడతలు కూడా విప్పలేదు. దాన్ని లక్కే ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చుంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"రూతమ్మా, నెమ్మదిగా చెప్పు. ఈ రెండు రోజులూ ఏటి ఒడ్డున వాళ్ళందరితో ఉండమను. దొరగారు వెళ్ళిపోగానే నేనే వచ్చి పలకరిస్తాను. పరిస్థితులు అలా వచ్చాయి. ఇందులో మా తప్పు లేదను. మా మనసులో తన చోటు అలాగే ఉంటుంది. మన స్నేహానికి ఏ లోటూ రాదని చెప్పు."

లక్కే బుధ్రి నోటి వైపు చూస్తోంది. జ్వరానికి ఆమె కళ్ళు మెరుస్తున్నాయి.

బుధ్రి పెదవులు తడుపుకుంది. తన జీవితంలో ఇతరుల మాటలు చాలా మోసింది. కచ్చేరి జవాను మాట, షావుకారి మాట, అయ్యగారి మాట. ఎవరి మాటనైనా రెండో మనిషికి నొప్పి తగలకుండా మెత్తగా చేసి చెప్పడం ఆమెకు అలవాటు. ఇప్పుడు ఆ మెత్తదనం దొరకలేదు.

"పొమ్మంటాంది," అని లక్కేతో వాళ్ళ మాటలో చెప్పింది.

కమలాకుమారి కనుబొమలు ముడిపడ్డాయి. "అంతేనా చెప్పావు? నేను చాలా చెప్పానే."

"మిగిలినవి మా మాటల లేవు అమ్మగారూ."

లక్కేకు కోపం రాలేదు. కంబళి మీద ఒకసారి చేయి రాసింది. ఇంటి లోపలి వైపు మెడ చాచి చూసింది. దీపం వెలుగు కనిపిస్తోంది, పోపు వాసన వస్తోంది. ఆమెకు ఏదో అర్థం కానట్టుంది. చాలా మెల్లిగా, పలకరింపుకు వచ్చిన చుట్టం అడిగినట్టు, ఒక ప్రశ్న అడిగింది.

బుధ్రి తల దించుకుంది.

"ఏమంటోంది?" అని కమలాకుమారి అడిగింది. "చెప్పు రూతమ్మా. ఏదైనా కావాలంటోందా?"

"ఇంట్ల ఎవరన్న సచ్చిపోయిండ్రా అని అడుగుతాంది."

కమలాకుమారికి ఆ మాట వెనక సంగతి తెలియదు. తెలియకపోయినా ముఖం తెల్లబోయింది. లక్కే ఆ ముఖాన్ని చూసి, జవాబు దొరికినట్టు తల ఊపింది. నిజంగానే ఎవరో పోయారని నమ్మిందో, అలా నమ్మితే ఇద్దరికీ మర్యాదగా ఉంటుందనుకుందో బుధ్రికి ఎప్పటికీ తెలియలేదు. చావు ఇంట్లో కూర్చోకూడదు. లక్కే కంబళిని మెట్టు మీద పెట్టి, గోడ పట్టుకొని లేచింది. చావు ఇంటి నుంచి ఏ వస్తువూ తీసుకుపోకూడదు.

*

ఒడ్డున బోర్లించిన పాత పడవ కింద గాలి కొంచెం తక్కువ. బుధ్రి కుండపెంకులో నిప్పులు తెచ్చి పెట్టి, లక్కే వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. జోగ పక్కనే గోనెలో ముడుచుకున్నాడు. దుంగలు తేల్చే పనిలో కాలు విరిగిన బండి అనే మనిషి కొంచెం దూరంలో చితుకులు ఏరుతున్నాడు. ఏరు చీకట్లో చప్పుడు లేకుండా పోతోంది.

ఆ ఇంట్లో పోయినవాళ్ళు పెద్దవాళ్ళా, పిల్లలా అని లక్కే ఒకసారి అడిగింది. బుధ్రి తెలియదంది. పిల్లలు కాకపోతే మేలని లక్కే అంది. ఆ తర్వాత దగ్గు తెర వచ్చి ఆగాక, మోచేత్తో బుధ్రిని పొడిచింది.

"పో పిల్లా. నీకు గంట ఉంది."

రాత్రి ప్రార్థనకు గంట కొట్టాలి. పిల్లలకు అన్నం పెట్టాలి. తెల్లవారకముందే దొర కోసం వేరే పొయ్యి వెలిగించాలి. ఉండిపోతానని అనాలని బుధ్రికి ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. వంటపాక మూలలోని తన చాప కళ్ళముందు కదిలింది. ఇన్నేళ్ళుగా ఆ చాపను కాపాడుకోవడానికి ఎన్ని మాటలు మింగిందో, ఈ మాట కూడా అలాగే మింగి లేచింది. లేస్తూ తన పైకొంగు సగానికి చింపి లక్కే తలకు చుట్టింది.

పొద్దున జావ ముంతతో వచ్చేసరికి పెంకులో నిప్పులు ఆరిపోయి ఉన్నాయి. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. జోగ కూర్చొని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని చేయెత్తి ఆపాడు.

"పండుకున్నది. లేపకు. రాత్రంత దగ్గి దగ్గి ఇప్పుడే ఆగింది."

బుధ్రి వంగి చూసింది. లక్కే మోకాళ్ళు గడ్డానికి దగ్గరగా ముడుచుకొని, ముఖం ఏటి వైపు పెట్టి ఉంది. తలకు చుట్టిన గుడ్డ మీద మంచు బొట్లు నిలిచి ఉన్నాయి. బుధ్రి ముంత కింద పెట్టింది. జోగకు చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఆ లోపు అతను లక్కే మీదికి గాలి రాకుండా తన గోనెను ఆ వైపు పట్టుకునే ఉన్నాడు.

చర్చి సమాధుల్లో చోటు అడగాలని బుధ్రికి తోచనే లేదు. బండీ, మరో ఇద్దరు పడవవాళ్ళూ ఇసుక గట్టు మీద గొయ్యి తీశారు. వాళ్ళు తవ్వుతుండగా ఊరి వైపు నుంచి డోలు వినబడింది, వెనకే గుర్రాల డెక్కలు. బడిపిల్లల పాట గాలికి తెరలు తెరలుగా వచ్చింది. బుధ్రి చేసిన వంట తిని పెరిగిన గొంతులవి. ఆమె మట్టి దోసిళ్ళతో వేసింది. బిగుసుకున్న ఎడమచేయి సరిగా ముడుచుకోక, సగం మట్టి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

దొర చర్చి లోపలికి వెళ్ళలేదు. కాంపౌండులో వేసిన కుర్చీలో కాసేపు కూర్చొని, పాట సగం విని, పిల్లలు బలంగా ఉన్నారని మెచ్చుకొని లేచాడు. స్థలం మాట అయ్యగారు ఎత్తేలోపు ఆయన గుర్రం ఎక్కేశాడు. ఆ తర్వాతే కమలాకుమారికి కబురు తెలిసింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఏటి ఒడ్డుకు వచ్చింది. కంపౌండరు భార్య, మిగిలిన ఇద్దరూ వెనకే వచ్చారు.

బుధ్రి కొత్త మట్టి పక్కన, జోగ పక్కన కూర్చొని ఉంది. కమలాకుమారి కొంచెం దూరంలో ఆగిపోయింది.

"రూతమ్మా," అంది. ఏడుపు ఆపుకోలేకపోతోంది. "నాకు తెలియలేదు రూతమ్మా. అంత జ్వరం ఉందని నువ్వైనా చెప్పలేదే. రా, ఇంటికి పోదాం. నీతో కూర్చొని ప్రార్థన చేస్తాను."

బుధ్రి తలెత్తి ఆమెను చూసింది. కోపంగా చూడలేదు. నెమ్మదిగా, స్పష్టంగా, వాళ్ళ మాటలో జవాబు చెప్పింది. ఇది చావు ఇల్లు, ఈ రోజు లోపలికి రాకూడదు అంది.

కమలాకుమారి అర్థం కాక పక్కవాళ్ళ వైపు తిరిగింది. ఏమన్నదని అడిగింది. వాళ్ళలో ఎవరికీ ఆ మాట రాదు. ఆ మాట వచ్చిన మనిషి బుధ్రి ఒక్కతే, ఆమె మళ్ళీ నోరు తెరవలేదు. కొంతసేపు నిలబడి ఆడవాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం చర్చి గంట ఆలస్యంగా మోగింది. ఎవరో అలవాటు లేని చేత్తో లాగినట్టు రెండు దెబ్బల మధ్య సందు ఒక్కోసారి ఒక్కోలా వినిపించింది. బుధ్రి ఆ రాత్రి రాలేదు, మర్నాడూ రాలేదు. గుడ్డి జోగ చేయి పట్టుకొని కిష్టారం దారిలో పోతుంటే చూశామని పడవవాళ్ళు చెప్పారు. అయ్యగారు బాధపడ్డాడు. పెద్దలు కొత్త వంటమనిషి కోసం వెతికారు.

దొర కోసం బయట వేసిన కుర్చీని రెండు రోజులు ఎవరూ లోపల పెట్టలేదు. దాని పేము చిరిగి ఉందని, దొరకు గుచ్చుకుంటుందని, ఆయన వచ్చే ముందు కావలివాడు వరండా మెట్టు మీద దొరికిన ఎర్ర కంబళిని మడతల మీదే తెచ్చి అందులో వేశాడు. పైమడతలో దొర కూర్చున్న గుంట అలాగే ఉంది. అందులో మంచు నీరై నిలిచింది.